ఎండిన మట్టి, కాగిన మట్టి, కాలిన మట్టి: బంకమట్టి అవలంబనాల ప్రవాహంపై ఉష్ణ ప్రభావ పరిశోధనలు – ఒక విమర్శ

బంకమట్టిని వేడి చేస్తే దాని అవలంబనం చిక్కబడుతుందా, పలచబడుతుందా? పరిశోధన సాహిత్యంలో ఈ ప్రశ్నకు రెండు జవాబులూ దొరుకుతాయి. స్నిగ్ధత పెరిగిందని చెప్పే వ్యాసాలూ తగ్గిందని చెప్పే వ్యాసాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఈ వైరుధ్యాన్ని మట్టి నమూనాల తేడాగా పేర్కొని ముందుకు సాగడం పరిపాటి. నమూనాల తేడా నిజమే. కాని అసలు చిక్కు అంతకన్నా ముందే, ప్రశ్న అడిగే తీరులోనే ఉన్నదని ఈ వ్యాసం వాదిస్తుంది. భిన్నమైన ప్రక్రియలను 'ఉష్ణచికిత్స' అనే ఒకే పేరు కింద కలిపివేయడం ఒక దోషం. వేడి తరువాత వచ్చిన ఒక స్నిగ్ధతా విలువను మట్టి స్వభావంగా చదవడం మరొక దోషం.

'ఉష్ణచికిత్స' అనువాదంగా వచ్చిన పదం. మన వాడుకభాషకు ఇంతకంటె నిశితమైన విభజన ఉంది. బట్ట ఎండుతుంది, నీళ్లు కాగుతాయి, బియ్యం ఉడుకుతాయి, కుండ కాలుతుంది. ఎండడమంటే పదార్థం నుంచి నీరు పోవడం. కాగడమంటే ద్రవం వేడెక్కడం. ఉడకడమంటే నీటిలోనో ఆవిరిలోనో వేడికి లోపలి గుణం మారడం. కాలడమంటే నిప్పుకు లోనై తిరిగిరాని మార్పు చెందడం. సారె మీది పచ్చికుండను నీళ్లలో వేస్తే మళ్లీ మట్టి అవుతుంది. ఆవంలో కాలిన కుండ పగిలితే పెంకు అవుతుందే తప్ప మట్టి కాదు. బంకమట్టి అవలంబనాల విషయంలో ఈ నాలుగు క్రియలు నాలుగు వేర్వేరు భౌతిక, రసాయనిక ప్రక్రియలకు సరిపోతాయి. పొడిని 100 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి, తరువాత నీటిలో కలపడం ఎండడం. తయారైన అవలంబనాన్ని 80 డిగ్రీల వద్ద విస్కోమీటరులో పరీక్షించడం కాగడం. మూసిన పాత్రలో ఒత్తిడి కింద 150 డిగ్రీల పైన ఉంచడం ఉడకడం. 600 డిగ్రీలు దాటించి స్ఫటిక నిర్మాణాన్నే కూల్చడం కాలడం. ఒక దాని ఫలితాన్ని మరొక దానికి సాక్ష్యంగా చూపడం కుదరదు.

పొరలు, వాటి సంఖ్య

చర్చకు ఆధారంగా మాంట్‌మొరిల్లొనైట్‌ను తీసుకుందాం. బెంటొనైట్‌లో ప్రధాన ఖనిజం ఇదే. మన నల్లరేగడి నేలలు తడిస్తే ఉబ్బడానికీ, ఎండితే బీటలు వారడానికీ కారణం ఈ వర్గపు ఖనిజాలే. దీని ఒక్కొక్క పొర మందం సుమారు 1 నానోమీటరు. పొర అడ్డకొలత దానికి వందల రెట్లు ఉండవచ్చు. పొర ముఖాలపై శాశ్వత రుణావేశం ఉంటుంది. దాన్ని సమతుల్యం చేసే సోడియం, కాల్షియం వంటి అయాన్లు పొరల మధ్య నీటితో కలిసి ఉంటాయి. అంచుల ఆవేశం మాత్రం పీహెచ్‌ను బట్టి మారుతుంది.

ఇలాంటి పలక నీటిలో స్వేచ్ఛగా తిరిగితే, అది ఆక్రమించే గోళాకార స్థలం దాని నిజ ఘనపరిమాణం కంటె ఎన్నో రెట్లు పెద్దది. పలకను 300 నానోమీటర్ల అడ్డకొలత, 1 నానోమీటరు మందం గల బిళ్లగా ఊహిస్తే ఆ నిష్పత్తి 200 అవుతుంది. అంటే ఘనపరిమాణంలో అరశాతం మట్టి కలిసినా పలకలు తిరిగే గోళాలు పాత్రంతా నిండిపోతాయి. ద్రవం జెల్ దశకు చేరువవుతుంది. ఇప్పుడు అవే పొరలు పదేసి చొప్పున ఒకదానికొకటి అతుక్కుని దొంతరలుగా ఉన్నాయనుకుందాం. మందం పదింతలై నిష్పత్తి 20కి పడిపోతుంది. అదే అరశాతం మట్టి ఇప్పుడు పదోవంతు స్థలాన్ని మాత్రమే ఆక్రమిస్తుంది. అవలంబనం నీళ్లలా పారుతుంది. మట్టి బరువు మారలేదు, రసాయనిక సంఘటనం మారలేదు, స్ఫటిక నిర్మాణమూ మారలేదు. మారింది పొరలు విడివడిన మేర ఒక్కటే.

ఈ చిన్న గణితం ముందుంచుకొని చూస్తే, 'వేడి వల్ల మట్టి చెడిపోయింది' అనే తీర్మానం ఎంత తొందరపాటుదో తెలుస్తుంది. స్నిగ్ధత పడిపోయిందంటే రెండు అర్థాలు సాధ్యం: మట్టి మారి ఉండవచ్చు, లేదా మట్టి అలాగే ఉండి విడివడడానికి మాత్రం మొరాయిస్తూ ఉండవచ్చు. వీటిని వేరుచేసే పరీక్ష లేకుండా వేసిన స్నిగ్ధత–ఉష్ణోగ్రత రేఖాచిత్రం ఎంత అందంగా ఉన్నా కార్యకారణ నిరూపణ కాదు.

ఎండడం: ఏ అయాన్ ఉన్నది?

పొడిని వేడిచేసినప్పుడు ముందు పోయేది పొరల మధ్య నీరు. ఒక వరుస నీరు గల సోడియం రూపంలో సుమారు 1.25 నానోమీటర్లు, రెండు వరుసల నీరు గల కాల్షియం రూపంలో సుమారు 1.5 నానోమీటర్లు ఉండే పొరల పునరావృత దూరం, నీరు పోయాక 1 నానోమీటరుకు దిగుతుంది. ఈ మూత శాశ్వతమా, తాత్కాలికమా అన్నది ఉష్ణోగ్రత ఒక్కటే నిర్ణయించదు. పొరల మధ్య ఏ అయాన్ ఉన్నదన్నది కూడా నిర్ణయిస్తుంది. హాఫ్‌మన్, క్లెమెన్ 1950లోనే ఈ విషయాన్ని స్పష్టం చేశారు. లిథియం నింపిన బెంటొనైట్‌ను 200–300 డిగ్రీల ప్రాంతంలో వేడిచేస్తే, ఆ చిన్న అయాన్లు పొర లోపలి ఖాళీ స్థానాలలోకి చొరబడి పొర ఆవేశాన్నే తగ్గిస్తాయి. ఆ మట్టి మళ్లీ ఉబ్బదు. అదే ఉష్ణోగ్రతలో సోడియం రూపం చాలావరకు మళ్లీ నీటిని తీసుకోగలదు. పొటాషియం రూపం పదేపదే తడిసి ఎండడంతోనే కొంత శాశ్వతంగా మూసుకుపోతుంది.

కనుక మార్పిడి అయాన్ల వివరం ఇవ్వకుండా 'బెంటొనైట్‌ను 300 డిగ్రీలకు వేడిచేశాం' అని రాయడం, ఏ పప్పో చెప్పకుండా 'పప్పును అరగంట ఉడికించాం' అన్నట్టే. భారతీయ బెంటొనైట్ గురించి రాసేటప్పుడు ఈ లోపం మరింత బరువైనది. కచ్ఛ్, బార్మేర్ ప్రాంతాలలో తవ్విన మట్టిలో కొంత భాగాన్ని సోడా యాష్ కలిపి సోడియం రూపానికి మార్చి అమ్ముతారు. అలా మార్చిన మట్టిలో మిగిలిన కార్బొనేటు, పూర్తిగా మారని కాల్షియం ఉండవచ్చు. వేడి ప్రభావమని మనం చదువుతున్నది వీటి ప్రభావం కావచ్చు.

మరొక లోపం చూడడానికి అల్పమైనదే, ఫలితంలో మాత్రం కాదు. గాలికి ఎండిన బెంటొనైట్‌లో 10 శాతం తేమ ఉంటే, తూచిన 100 గ్రాములలో మట్టి 90 గ్రాములే. ఓవెన్‌లో ఎండిన నమూనాలో 100 గ్రాములూ మట్టే. రెండింటినీ ఒకే 'బరువు శాతం' చొప్పున కలిపితే వేడిచేసిన అవలంబనంలో ఘనపదార్థం 11 శాతం ఎక్కువ. జెల్ దశకు దగ్గరలో స్నిగ్ధత గాఢతతో నిటారుగా పెరుగుతుంది కాబట్టి, ఈ తేడా ఒక్కటే 'స్వల్ప ఉష్ణోగ్రతల వద్ద స్నిగ్ధత పెరుగుదల'గా రేఖాచిత్రంలో కనబడవచ్చు. తేమను సవరించినట్టు చెప్పని పట్టికలో మొదటి ఒకటి రెండు విలువలను అనుమానంతోనే చదవవలసి ఉంటుంది.

మట్టి మారిందా, మొరాయిస్తున్నదా అని తేల్చే మార్గాలు కొత్తవేమీ కావు. అయాన్ మార్పిడి సామర్థ్యాన్ని కొలవాలి. గ్లైకాల్‌తో ఉబ్బించి ఎక్స్-కిరణ వివర్తనం చూడాలి. అతిధ్వనులతో గట్టిగా విడదీసి మళ్లీ స్నిగ్ధత కొలవాలి. సామర్థ్యం నిలిచి స్నిగ్ధత మాత్రమే పడిపోయి, విడదీయగానే తిరిగివస్తే అది ఎండిన మట్టి మాత్రమే. సామర్థ్యమే పోతే పొర ఆవేశానికి హాని జరిగింది. పోతపని శాలల్లో ఈ తేడాకు డబ్బు రూపంలో విలువ ఉంది. కరిగిన లోహానికి ఆనుకున్న అచ్చు ఇసుకలో బెంటొనైట్ కొంత బంకను శాశ్వతంగా కోల్పోయి 'చచ్చిన మట్టి' అవుతుంది. మిగిలిన 'బతికిన మట్టి' ఎంతో మిథిలీన్ బ్లూ పరీక్షతో లెక్కగట్టి, అంతమేరకే కొత్త మట్టి కలుపుతారు. ఈ పరీక్షకూ పరిమితి ఉంది: రంగు అణువు విడివడిన పొరలపైనే బాగా పరుచుకుంటుంది కాబట్టి, సరిగా విడదీయని నమూనాలో బతికిన మట్టి కూడా చచ్చినట్టే కనబడుతుంది. పరీక్షకు ముందు నమూనాను ఎంతసేపు, ఎలా విడదీశారో చెప్పకపోతే ఆ సంఖ్యకూ పూర్తి అర్థం లేదు.

ఉడకడం: ఆవిరి సంగతి

ఒకే ఉష్ణోగ్రత, పొడి వేడి ఒకవైపు, ఆవిరి మరొకవైపు. కూచర్ 1985లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ విషయంలో మైలురాయి. 150 నుంచి 250 డిగ్రీల ఆవిరికి గురైన బెంటొనైట్ ఉబ్బే శక్తిని త్వరగా కోల్పోతుందని ఆయన చూపారు. అణు వ్యర్థాల చుట్టూ బెంటొనైట్‌ను రక్షణ పొరగా వాడాలనుకుంటున్న దేశాలకు అది హెచ్చరిక. స్వీడన్ రూపకల్పనలో ఆ పొర ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటకూడదన్న నియమం ఉంది. అయినా అవలంబనాల పరిశోధనల్లో 'ఓవెన్‌లో 200 డిగ్రీల వద్ద రెండు గంటలు' అన్న వాక్యమే తరచు సరిపోతోంది. మట్టి పలుచగా పరిచి ఉన్నదా, లోతైన మూకుడులో కుప్పగా ఉన్నదా? కుప్పలోనైతే తన నీటి ఆవిరిలోనే మట్టి కొంతసేపు ఉడికి ఉంటుంది. ఎండబెట్టామనుకున్నది నిజానికి ఉడకబెట్టడమే అయి ఉండవచ్చు.

కృష్ణా–గోదావరి బేసిన్ వంటి చోట్ల ఇది పుస్తక చర్చ కాదు. అడుగున 150 డిగ్రీలు దాటిన బావులను చమురు రంగం అధిక ఉష్ణోగ్రత బావులుగా పరిగణిస్తుంది. ఈ బేసిన్‌లో ఆ కోవకు చెందినవి ఉన్నాయి. తవ్వకపు బురదలో బెంటొనైట్‌తోపాటు బరువు కోసం బెరైటీస్ పొడి కలుపుతారు. ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాలలో ఒకటైన మంగంపేట ఖనిజానికి ప్రధాన గిరాకీ ఇక్కడి నుంచే. పంపులు ఆగిన కొన్ని గంటల్లో అడుగున బురద గట్టిపడితే, మళ్లీ కదిలించడానికి కావలసిన ఒత్తిడి రాతినే చీల్చవచ్చు. మరీ పలచబడితే బెరైటీస్ అడుగుకు చేరి బావిని అదుపులో ఉంచే బరువే తగ్గిపోతుంది. ప్రయోగశాలలో దీనికి ప్రతినిధిగా చేసేది సాధారణంగా ఇది: బురదను మూసిన గొట్టంలో 16 గంటలు వేడిలో దొర్లించి, చల్లార్చి, 49 డిగ్రీల వద్ద విస్కోమీటరులో కొలవడం. ఇది ఉడికి చల్లారిన బురద గుణం. ఉడుకుతున్న బురద గుణం కాదు. పైగా లిగ్నోసల్ఫొనేటు వంటి సంకలనాలు ఆ వేడికి విచ్ఛిన్నమైతే, దాని ఫలితాన్ని మట్టి ఖాతాలో రాయడం జరుగుతుంది. మట్టి ఒక్కటే ఉన్న జత నమూనాను కూడా పక్కనే దొర్లించి చూస్తే ఈ గందరగోళంలో సగం తగ్గుతుంది.

కాగడం: నీటిని మరచిన లెక్క

అవలంబనం వేడెక్కినప్పుడు మట్టికన్నా ముందు మారేది నీరు. 25 డిగ్రీల వద్ద 0.89 మిల్లీపాస్కల్-సెకన్లున్న నీటి స్నిగ్ధత 80 డిగ్రీలకు 0.35కు పడిపోతుంది. ఒక అవలంబనం రెండు ఉష్ణోగ్రతలలోనూ 5 మిల్లీపాస్కల్-సెకన్లే చూపిందనుకుందాం. 'ఉష్ణోగ్రత ప్రభావం లేదు' అని రాయడానికి చెయ్యి ఉవ్విళ్లూరుతుంది. కాని నీటితో పోల్చిన సాపేక్ష స్నిగ్ధత 5.6 నుంచి 14కు పెరిగింది. మట్టి వైపు నుంచి చూస్తే పెద్ద మార్పే జరిగింది. నీటి పలుచదనం దాన్ని కప్పివేసింది. ప్రచురిత పట్టికల్లో ఉష్ణోగ్రత ఇచ్చిన చోటల్లా పాఠకుడు ఈ భాగహారం తానే చేసుకోవచ్చు. చేస్తే కొన్ని 'పలచబడింది' అన్న తీర్మానాలు తలకిందులవుతాయి.

వేడికి చిక్కబడడానికి తరచు చెప్పే కారణం విద్యుత్ ద్విస్తరం కుంచించుకుపోవడం. దీన్ని లెక్కవేసి చూడడం కష్టం కాదు. ద్విస్తర మందం, నీటి రోధక స్థిరాంకం, పరమ ఉష్ణోగ్రతల లబ్ధపు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. 25 డిగ్రీల వద్ద రోధక స్థిరాంకం 78. 80 డిగ్రీల వద్ద సుమారు 61. స్థిరాంకం తగ్గినా పరమ ఉష్ణోగ్రత పెరుగుతుంది కాబట్టి మొత్తం మీద మందంలో తగ్గుదల 4 శాతమే. లీటరుకు ఒక మిల్లీమోల్ ఉప్పు గల నీటిలో 9.6 నానోమీటర్లు 9.2 అవుతుంది. ఇంత స్వల్ప మార్పు మీద జెల్ బలం రెట్టింపు కావడాన్ని నిలబెట్టడం సమంజసం కాదు. బలమైన అభ్యర్థులు వేరే ఉన్నాయి: వేడికి దొంతరలు మరింత విడివడడం, పొరలు ఒకదానినొకటి తాకి అతుక్కునే వేగం పెరగడం, మట్టిలోని కరిగే లవణాలు నీటిలోకి రావడం, అంచుల ఆవేశం మారడం. ఈ చివరిదానిలో ఒక మెలిక ఉంది. 80 డిగ్రీల వద్ద తటస్థ నీటి పీహెచ్ 7 కాదు, 6.3. గది ఉష్ణోగ్రతలో కొలిచిన పీహెచ్‌ను 80 డిగ్రీల స్నిగ్ధతతో జతచేసి అంచుల ఆవేశం గురించి మాట్లాడడం రెండు వేర్వేరు ద్రవాల గురించి మాట్లాడడమే.

జెల్ ఎలా ఏర్పడుతుందన్న పాత వివాదం కూడా ఇక్కడే అడ్డుతగులుతుంది. లాంగ్‌మ్యూర్ 1938లోనూ, నారిష్ 1954లోనూ పొరల మధ్య వికర్షణతోనే జెల్ నిలబడగలదన్న వైపు వాదించారు. వాన్ ఆల్ఫెన్ 1963 నాటి తన గ్రంథంలో అంచు–ముఖ ఆకర్షణతో పేకమేడ వంటి అల్లిక ఏర్పడుతుందన్నాడు. వేడి ప్రభావాన్ని చర్చించేవారు ఫలితం వచ్చాక తమకు అనుకూలమైన నమూనాను ఎంచుకోవడం కనిపిస్తుంది. చిక్కబడితే పేకమేడ, పలచబడితే వికర్షణ. ముందే ఒక పక్షాన్ని పరీక్షకు పెట్టవచ్చు. సోడియం హెక్సామెటాఫాస్ఫేటు అంచులకు అంటుకొని వాటి ఆవేశాన్ని తిప్పివేస్తుంది. ద్రావణపు అయాన్ బలం పెద్దగా మారనంత చిన్న మోతాదుతోనే వేడికి ఏర్పడిన జెల్ కూలిపోతే, అంచు–ముఖ బంధాల వాదానికి మద్దతు దొరికినట్టే. నేల రేణువుల పరిమాణ విశ్లేషణకు వాడే ఈ రసాయనం సివిల్ ఇంజినీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో సాధారణంగా ఉండేదే.

కొలిచే పద్ధతి గురించీ ఒక మాట చెప్పాలి. బెంటొనైట్ అవలంబనం థిక్సోట్రొపిక్ ద్రవం; కదిలిస్తే పలచబడి, విశ్రాంతినిస్తే మళ్లీ బలపడుతుంది. విశ్రాంతి ఎంతసేపు, ముందు ఎంత వేగంతో కలిపారు అన్నవి చెప్పని స్నిగ్ధత అసంపూర్ణం. వేడి ఈ పునర్నిర్మాణాన్ని వేగవంతం చేస్తుంది కాబట్టి, 25 డిగ్రీలకూ 80 డిగ్రీలకూ ఒకే పది నిమిషాల విశ్రాంతి ఇచ్చి పోల్చితే పోలిక సమానమైనది కాదు. మూత లేని పాత్రలో నీరు ఆవిరై గాఢత పెరగడం మరీ మోటు దోషం; అయినా నూనెపొరతోనో మూతతోనో నివారించామని చెప్పిన వ్యాసాలను వెతుక్కోవాలి.

అన్నిటికంటె ఎక్కువగా దుర్వినియోగమయ్యే సంఖ్య 'ఈల్డ్ పాయింట్'. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పద్ధతిలో విస్కోమీటరును నిమిషానికి 600, 300 భ్రమణాలతో తిప్పి రెండు పఠనాలు తీస్తారు. వాటి భేదం ప్లాస్టిక్ స్నిగ్ధత. దాన్ని 300 పఠనం నుంచి తీసివేస్తే ఈల్డ్ పాయింట్. అంటే సెకనుకు 1022, 511 విరూపణ రేట్ల వద్ద ఉన్న రెండు బిందువులను కలిపి, గీతను సున్నా దాకా పొడిగించడం. ఏ మాత్రం ప్రారంభ ప్రతిబలం లేని, విరూపణ రేటు వర్గమూలాన్ని అనుసరించే ఒక ఘాత ద్రవాన్ని ఊహించుకుందాం. 300 వద్ద పఠనం 20 అయితే 600 వద్ద 28.3 వస్తుంది. ప్లాస్టిక్ స్నిగ్ధత 8.3, ఈల్డ్ పాయింట్ 11.7, అంటే దాదాపు 5.6 పాస్కల్‌లు. లేని గుణానికి ఇంత విలువ! బార్న్స్, వాల్టర్స్ 1985లో ప్రారంభ ప్రతిబలం అనే భావననే మిథ్యగా ప్రశ్నించారు. ఆ వాదంలో అతి ఉందని నా అభిప్రాయం. బురద గోడకు అంటుకొని జారకుండా నిలబడుతుందన్నది అనుభవైక వేద్యం. కాని రెండు ఎత్తు బిందువుల నుంచి పుట్టిన సంఖ్యను జెల్ నిర్మాణపు బలంగా వ్యాఖ్యానించరాదన్నంత వరకు వారి హెచ్చరిక శిరోధార్యం. ఆ పద్ధతిని రూపొందించింది బావి దగ్గర బురదను రోజువారీగా సరిచూసుకోవడానికి. ఆ పనికి అది చాలు. వేడికి పొరల బంధాలు ఎలా మారాయో చెప్పమని దాన్ని అడగడం మన తప్పే గాని దానిది కాదు. సెకనుకు 10 కంటె తక్కువ రేట్ల వద్ద పఠనాలు, లేదా డోలన పరీక్షలో స్థితిస్థాపక గుణకం లేకుండా ఆ ప్రశ్నకు జవాబు రాదు.

కాలడం

ఇక్కడ చెప్పవలసింది తక్కువ. కయొలినైట్ 450–600 డిగ్రీల మధ్య తన హైడ్రాక్సిళ్లను నీరుగా కోల్పోయి మెటాకయొలిన్ అవుతుంది. ఈ నష్టం బరువులో దాదాపు 14 శాతం. ఆ తరువాత సమాన బరువులు తూచి పచ్చిమట్టి, కాలిన మట్టి అవలంబనాలను ఒకే రేఖాచిత్రంలో గీసినప్పుడు, రెండవదానిలో అసలు మట్టి వంతు 16 శాతం అధికం. కాని అంతకుమించిన చిక్కు, అవి ఒకే పదార్థపు రెండు స్థితులు కావు, రెండు పదార్థాలు. సిమెంటులో క్లింకరు సగానికి తగ్గించి, 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం సున్నపురాయి, 5 శాతం జిప్సం చేర్చే ఎల్‌సీ3 మిశ్రమంపై స్విట్జర్లాండ్, క్యూబా శాస్త్రజ్ఞులతోపాటు ఢిల్లీ, మద్రాసు ఐఐటీలు పనిచేశాయి. ఆ మిశ్రమం ఎక్కువ నీటినీ, ఎక్కువ ప్లాస్టిసైజరునూ కోరుతుందన్నది మేస్త్రీకి తాపీ చివర తెలిసే సంగతి. దానికి కారణాన్ని పొరలు ఉబ్బడంలో వెతికితే దొరకదు. కాల్చిన కయొలినైట్ ఉబ్బదు. పలకల ఆకారం చెడకుండా మిగిలిపోయిన ఉపరితల వైశాల్యంలో, కాల్చేటప్పుడు అతుక్కున్న గుళికల రంధ్రాలు తాగే నీటిలో, సిమెంటు ద్రవంలోని కాల్షియం ఆ ఉపరితలాలను పట్టుకునే తీరులో వెతకాలి. పచ్చి కయొలినైట్ మీద కట్టిన ప్రవాహ నమూనాలను గుణకాలు మాత్రమే మార్చి ఇక్కడికి తెచ్చే వ్యాసాలు, పెంకును నీళ్లలో నానబెట్టి మళ్లీ సారె మీద పెట్టజూస్తున్నాయి.